పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ ఇవ్వట్లేదు, సెటిల్‌మెంట్ లేదు, ఫోన్ కూడా ఎత్తట్లేదు. ఏం చెయ్యాలి?

ఒంటరి కోడర్:
అందరికీ నమస్తే. కంపెనీ పేరు చెప్పను, మధ్యరకం సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీ అనుకోండి. 6 ఏళ్ల 7 నెలలు చేశాను. డిసెంబర్ 1న రాజీనామా మెయిల్ పెట్టాను. నోటీసు 90 రోజులు, కొత్తవాళ్లు అంతదాకా ఆగలేమన్నారు, అందుకే 60 రోజులు చేస్తాను, మిగతా 30 రోజులకి డబ్బు కోసుకోండి అన్నాను. మేనేజర్ నోటితో సరే అన్నాడు. జనవరి 30 చివరి రోజు, ల్యాప్‌టాప్ ఇచ్చేశాను, కేక్ కూడా కోయించారు.

అంతే. ఇప్పటికి రెండున్నర నెలలయింది. రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేశామని ఇచ్చే కాగితం) లేదు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ లేదు, జనవరి జీతం లేదు, గ్రాట్యుటీ (ఏళ్ల సర్వీసుకి మానేసేటప్పుడు ఇచ్చే డబ్బు) ఊసే లేదు. పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్ వెయ్యలేదు కాబట్టి ట్రాన్స్‌ఫర్ కూడా అవ్వట్లేదు. మొదట్లో హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్ ఎత్తేది, "మీ మేనేజర్ హోల్డ్‌లో పెట్టమన్నారు సార్" అని ఒకసారి నోరు జారింది, ఆ తర్వాత నా నంబర్ చూస్తే ఎత్తడం లేదు. కొత్త కంపెనీలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు 90 రోజుల్లో రిలీవింగ్ లెటర్ అప్‌లోడ్ చెయ్యమన్నారు, ఇంకో పదిహేను రోజులే ఉంది. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు, ఆ టెన్షన్‌లో కొత్త పని మీద కూడా మనసు లేదు.

మూడో షిఫ్ట్:
బ్రో, లింక్డ్‌ఇన్‌లో కంపెనీని ట్యాగ్ చేసి మొత్తం కథ రాసి పడెయ్. రెండు గంటల్లో ఫోన్ వస్తుంది. నా ఫ్రెండ్‌కి అలాగే వచ్చింది.

పాత కాపు:
ఆ పని మాత్రం ఇప్పుడే చెయ్యకండి. నేను ఇరవై ఏళ్లు హెచ్‌ఆర్‌లో ఉండి బయటికొచ్చినవాణ్ణి. పబ్లిక్‌గా పోస్టు పడగానే ఆ ఫైలు హెచ్‌ఆర్ చేతిలోంచి లీగల్ చేతికి పోతుంది, అక్కడికి పోయిందంటే ఒక్క అక్షరం కూడా ఎవరూ ధైర్యం చేసి మీకు మెయిల్‌లో రాయరు. పైగా కొత్త కంపెనీవాళ్లు కూడా ఆ పోస్టు చూస్తారు.

కుర్చీకి అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తాను. మేనేజర్ పగబట్టి ఆపించినవి పదిలో రెండో మూడో ఉంటాయి. మిగతావన్నీ నో డ్యూస్ కాగితం (ఎవరికీ ఏమీ బాకీ లేరని అన్ని విభాగాలూ సంతకం చేసే షీట్) మీద ఆగుతాయి. ఆ షీట్‌లో ఐటీ, అడ్మిన్, ఫైనాన్స్, లైబ్రరీ (లైబ్రరీ మూసేసి పదేళ్లయినా ఆ గడి మాత్రం ఉంటుంది), మేనేజర్ అని ఐదు సంతకాలు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా సాఫ్ట్‌వేర్ రిలీవింగ్ లెటర్‌ని బయటికి వదలదు. ఎవరి గడి ఖాళీగా ఉందో అడిగేవాడు లేక అది అలాగే పడుంటుంది. మీరు "నా లెటర్ ఎప్పుడు" అని అడిగినంతకాలం "ప్రాసెస్‌లో ఉంది" అనే జవాబు వస్తుంది. "నా నో డ్యూస్‌లో ఏ డిపార్ట్‌మెంట్ పెండింగ్ ఉంది, ఏ వస్తువు కోసం" అని అడగండి. దానికి జవాబు చెప్పక తప్పదు.

ఇంకో మాట. ఫోన్లు ఆపండి. ఒక్క కాల్ కూడా చెయ్యొద్దు. అంతా మెయిలే, అదీ మీ సొంత మెయిల్ నుంచి, హెచ్‌ఆర్ హెడ్‌కి, ఫైనాన్స్‌కి, మీ మేనేజర్‌కి కలిపి.

ఒంటరి కోడర్:
సార్, నో డ్యూస్ సంగతి నిజంగా నాకు తట్టలేదు. ల్యాప్‌టాప్, ఛార్జర్, యాక్సెస్ కార్డు అన్నీ ఇచ్చేశాను, ఆ విషయంలో నాకు డౌట్ లేదు.

చిన్న వకీలు:
ఇచ్చినట్టు రసీదు ఉందా? లేదనుకుంటా, ఎవరికీ ఉండదు.

సరే, విషయానికి వస్తా. మీరు అన్నిటినీ ఒకే మూటలో కట్టి "కంపెనీ ఇవ్వట్లేదు" అంటున్నారు, కానీ ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది, కొన్నిటికి అసలు కంపెనీ దయ అక్కర్లేదు.

జీతం. వేతనాల కోడ్ 2019, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగి రాజీనామా చేసినా సరే, రావలసిన వేతనం 2 పని దినాల్లో ఇచ్చెయ్యాలి. 1936 నాటి పాత వేతనాల చెల్లింపు చట్టంలో ఈ రెండు రోజుల మాట కంపెనీ తీసేసినవాళ్లకే ఉండేది, తమంతట మానేసినవాళ్లకి లేదు, అందుకే "45 రోజుల తర్వాత సెటిల్‌మెంట్" అనే అలవాటు పాతుకుపోయింది. మీరు మానేసింది జనవరిలో కాబట్టి కొత్త కోడ్ మీకు వర్తిస్తుంది, మెయిల్‌లో ఆ మాట స్పష్టంగా రాయండి.

గ్రాట్యుటీ. 5 ఏళ్లు నిండాయి, కాబట్టి రాజీనామా చేసినా వస్తుంది. గడువు 30 రోజులు. ఆలస్యమైతే వడ్డీ కూడా. దరఖాస్తు మీరు రాతపూర్వకంగా పెట్టారా? పెట్టకపోతే ఇవాళే పెట్టండి. చాలామంది "అదే వస్తుందిలే" అని కూర్చుంటారు.

రిలీవింగ్ లెటర్ దగ్గరే చిక్కు. ఫలానా రోజుల్లో ఇచ్చి తీరాలని ప్రైవేటు ఉద్యోగులందరికీ వర్తించేలా ఒక్క చట్టం చూపించమంటే నేను చూపించలేను. లీగల్ నోటీసుతో ఒత్తిడి తేవడమే.

మూడో షిఫ్ట్:
అంటే అసలైనదే చేతిలో లేదన్నమాట 😀

చిన్న వకీలు:
లెటర్ కాదండీ అసలైనది, ఆయన అక్కడ పనిచేశాడన్న రుజువు. అది పీఎఫ్ రికార్డులో ఉంది.

యూఏఎన్ బాధితుడు:
ఇదే చెప్పడానికి వచ్చా. ఎగ్జిట్ డేట్ కంపెనీయే వెయ్యాలని కూర్చోకండి. 2020 నుంచి మెంబరే వేసుకోవచ్చు. ఈపీఎఫ్‌ఓ మెంబర్ పోర్టల్‌లో లాగిన్ అయ్యి మేనేజ్‌లోకి వెళ్తే మార్క్ ఎగ్జిట్ అని ఉంటుంది. పాత కంపెనీ పీఎఫ్ అకౌంట్ ఎంచుకుని, తేదీ, కారణం ఇచ్చి, ఆధార్ ఓటీపీ కొడితే అయిపోతుంది. షరతు ఒక్కటే, చివరి కాంట్రిబ్యూషన్ పడి రెండు నెలలు దాటి ఉండాలి. మీకు దాటేసింది.

తేదీ దగ్గర మాత్రం జాగ్రత్త. చివరి కాంట్రిబ్యూషన్ పడిన నెలలోని తేదీనే తీసుకుంటుంది, ఒకసారి వేశాక దిద్దుకోవడం తలనొప్పి. నేను తొందరలో నెల మొదటి తేదీ కొట్టేసి తర్వాత జాయింట్ డిక్లరేషన్ (కంపెనీతో కలిసి పెట్టే సవరణ దరఖాస్తు) అంటూ మళ్లీ అదే కంపెనీ కాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. ఆ ఆరు నెలలు పగవాడికి కూడా వద్దు.

అది అయ్యాక సర్వీస్ హిస్టరీ పేజీ డౌన్‌లోడ్ చేసుకోండి. చేరిన తేదీ, మానేసిన తేదీ, కంపెనీ పేరు అన్నీ అందులో ఉంటాయి. వెరిఫికేషన్ ఏజెన్సీలు అదే చూస్తాయి.

పాత కాపు:
సరిగ్గా చెప్పారు. పైగా కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కి ముందే మీరే చెప్పుకోండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. రాజీనామా మెయిల్, దానికి వచ్చిన అంగీకారం, చివరి మూడు పేస్లిప్పులు, సర్వీస్ హిస్టరీ, పాతవాళ్లకి మీరు రాసిన మెయిళ్లు, అన్నీ ఒకే పీడీఎఫ్. "పాత యజమాని ఆలస్యం చేస్తున్నారు, నా వైపు నుంచి చేసినవి ఇవి" అని ఒక పేరా. నేను అటువైపు కూర్చున్నప్పుడు అలాంటి ఫైలు వస్తే గడువు పొడిగించేవాణ్ణి. దాచిపెట్టి ఆఖరి రోజున బయటపడితేనే అనుమానం వస్తుంది. దొంగ లెటర్ తయారుచేసుకునేవాళ్లు కూడా ఉన్నారు, ఉద్యోగం పోయేది అక్కడే.

నీలిమేఘం:
నా గోడు కూడా ఇక్కడే రాస్తున్నా, కొత్త థ్రెడ్ ఎందుకని. నేను ఫ్రెషర్‌గా చేరినప్పుడు డిగ్రీ ఒరిజినల్స్ తీసుకున్నారు, రెండేళ్ల బాండ్, ముందే మానేస్తే 3 లక్షలు. పద్నాలుగు నెలలకి మానేశాను, ఆరోగ్యం బాలేక. ఇప్పుడు డబ్బు కడితేనే సర్టిఫికెట్లు అంటున్నారు. నాకు వాళ్లిచ్చిన ట్రైనింగ్ అంటే మూడు వారాల పాత వీడియోలు. ఇంట్లో నాన్నగారు కట్టేద్దాం అంటున్నారు.

చిన్న వకీలు:
మేడమ్, కట్టొద్దు, ఇప్పుడే కాదు. రెండు విషయాలు విడదీయండి.

సర్టిఫికెట్లు మీ ఆస్తి. బాకీ ఉందనుకున్నా వాటిని తాకట్టుగా పెట్టుకునే హక్కు వాళ్లకి లేదు. "మీ దగ్గర నా ఫలానా ఒరిజినల్స్ ఉన్నాయి, 7 రోజుల్లో తిరిగి ఇవ్వండి" అని రాతపూర్వకంగా అడగండి, నంబర్లతో సహా. అవి తీసుకున్నప్పుడు ఇచ్చిన రసీదో మెయిలో ఏదైనా ఉంటే వెతకండి. ఇవ్వకపోతే లాయర్ నోటీసు, తర్వాత పోలీసు ఫిర్యాదు, నమ్మి అప్పగించిన ఆస్తిని కాజెయ్యడం భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్ కింద నేరం.

బాండ్ సంగతి వేరు. దాన్ని "చెల్లదు" అని కొట్టిపారేసేవాళ్లని నమ్మకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు అన్న షరతుని సమర్థించింది. కానీ అది ప్రభుత్వ రంగ బ్యాంకు, పెద్ద ప్రక్రియతో నియామకం చేసుకుని, మధ్యలో మానేస్తే మళ్లీ అంతా చెయ్యాల్సి వస్తుందన్న నేపథ్యం. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది సబబైన పరిహారం. మూడు వారాల వీడియోలకి 3 లక్షలు సబబని ఒప్పించడం వాళ్ల పని. వాళ్లు కేసు వేస్తే అప్పుడు వాదించుకోవచ్చు. అసలు వేస్తారో లేదో కూడా చూడాలి.

లాయర్ ఫీజు భారం అనుకుంటే 15100కి ఫోన్ చెయ్యండి. మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్.

మూడో షిఫ్ట్:
పోటీ కంపెనీలో రెండేళ్లు చేరకూడదని కూడా రాయించుకుంటారు కదా, అది?

చిన్న వకీలు:
మానేశాక వర్తించేది అయితే కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. వాళ్ల డేటా, క్లయింట్ లిస్టు పట్టుకెళ్లడం మాత్రం వేరే కథ, ఆ పని చెయ్యకండి.

లెక్కల పిచ్చోడు:
ఒంటరి కోడర్ గారూ, ఫారం 16 (జీతం, అందులో కోసిన పన్ను చూపించే కాగితం) గురించి మీరు ఏమీ అనలేదు, తర్వాత గగ్గోలు పెడతారని ముందే చెప్తున్నా. దానికి గడువు జూన్ 15, ఇప్పుడే కంగారు లేదు. ఇవ్వకపోతే ఆలస్యానికి రోజుకి 500 చొప్పున పెనాల్టీ ఉంది, ఆ మాట వాళ్ల అకౌంట్స్‌కి మీకంటే బాగా తెలుసు. ఇవ్వకపోయినా రిటర్న్ ఆగదు. పేస్లిప్పులు, ఆదాయపు పన్ను సైట్లో ఉండే 26ఏఎస్, ఏఐఎస్ స్టేట్మెంట్లు చూసి వేసుకోవచ్చు. జనవరి టీడీఎస్ (జీతంలో కోసే పన్ను) ఇప్పుడు కనిపించకపోతే భయపడకండి, ఆఖరి త్రైమాసికం రిటర్న్ వెయ్యడానికి వాళ్లకి మే 31 దాకా టైముంది.

పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇచ్చారా? ఇవ్వకపోతే ఇద్దరూ స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చేసి ఉంటారు, ఇద్దరూ శ్లాబులు మొదటినుంచీ లెక్కేసి ఉంటారు, రిటర్న్ వేసే రోజున ఒకేసారి పెద్ద మొత్తం కట్టాల్సి వస్తుంది. ఆ డబ్బు పక్కన పెట్టుకోండి.

ఒంటరి కోడర్:
ఇవ్వలేదు 🙁 సరే, పక్కన పెడతాను.

అప్‌డేట్. మార్క్ ఎగ్జిట్ చేశాను, నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాల పనికి నేను రెండున్నర నెలలు బతిమాలుకున్నానన్నమాట. జనవరి 30 వేశాను. పీడీఎఫ్ కట్టి కొత్త హెచ్‌ఆర్‌కి పంపితే ఆవిడ "ఇది చాలు, లెటర్ వచ్చినప్పుడు ఇవ్వండి" అని ఒక్క లైను రాసింది. నిన్న రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నాను.

పాత కంపెనీకి మెయిల్ కూడా పంపాను. పాత కాపు గారు చెప్పినట్టే నో డ్యూస్‌లో ఏది పెండింగో అడిగాను, వేతనాల కోడ్ మాట రాశాను, గ్రాట్యుటీ దరఖాస్తు జత చేశాను, 7 రోజుల్లో జవాబు లేకపోతే లీగల్ నోటీసు అన్నాను. మూడో రోజే జవాబు. సెటిల్‌మెంట్ షీట్ పంపారు, "అడ్మిన్ క్లియరెన్స్: యాక్సెస్ కార్డు పెండింగ్" అని ఉంది. అబద్ధం, నేను ఇచ్చాను. మేనేజర్ హోల్డ్ మాట ఎక్కడా లేదు.

షీట్ మాత్రం చూసి కళ్లు తిరిగాయి. నా గ్రాస్ 84,000, బేసిక్ 42,000. నోటీసు కోత 84,000, దాని మీద జీఎస్టీ 18 శాతం 15,120, గ్రాట్యుటీ 1,26,000. జనవరి జీతం నోటీసు కోతకే సరిపోయింది, కటింగులు పోను ఇంకా తగ్గినది, ఆ జీఎస్టీతో సహా, గ్రాట్యుటీలోంచి తీసేశారు.

లెక్కల పిచ్చోడు:
ఈ షీట్‌ని ఫ్రేమ్ కట్టించుకోవాలి. ఒక్క పేజీలో ఇన్ని తప్పులు.

గ్రాట్యుటీ ముందు. 42,000ని 30తో భాగించి 15తో గుణించి 6 ఏళ్లకి వేశారు, అందుకే 1,26,000. నెలకి భాగించాల్సింది 26తో. ఆరు నెలలు దాటిన ముక్క పూర్తి ఏడాది కింద లెక్క, మీది 6 ఏళ్ల 7 నెలలు అంటే 7. 42,000ని 15తో గుణించి 26తో భాగిస్తే 24,230.77, దాన్ని 7తో గుణిస్తే 1,69,615. తేడా 43,615 రూపాయలు. ఆలస్యానికి వడ్డీ వేరే.

నోటీసు కోత మీద జీఎస్టీ లేదు. 2022 ఆగస్టు 3న పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్ 178లో స్పష్టంగా ఉంది, ఉద్యోగి నోటీసు ఎగ్గొట్టినందుకు వసూలు చేసే సొమ్ము సేవకి ప్రతిఫలం కాదని. ఆ 15,120 వెనక్కి అడగండి.

ఇంకా, మీ ఆఫర్ లెటర్ తీసి చూడండి, నోటీసు కోత గ్రాస్ మీదా బేసిక్ మీదా?

చిన్న వకీలు:
గ్రాట్యుటీలోంచి నోటీసు బాకీ కోసుకోవడం కూడా కుదరదు. దాన్ని ఆపడానికి చట్టంలో ఉన్న కారణాలు చాలా ఇరుకు, ఆస్తినష్టం చేసి ఉద్యోగంలోంచి తీసేయించుకోవడం లాంటివి. మీరు రాజీనామా చేసి వచ్చారు. ఇది రాతలో పెట్టండి. ఒప్పుకోకపోతే కార్మిక శాఖలో గ్రాట్యుటీ కేసులు చూసే అధికారి దగ్గరికి వెళ్లొచ్చు, లాయర్ లేకుండా కూడా.

నోటీసు పంపాల్సి వస్తే కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకి పంపండి, మీరు పనిచేసిన బ్రాంచికి కాదు. అన్నట్టు రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, కౌంటర్‌లో అడిగితే అయోమయంగా చూస్తారు. స్పీడ్ పోస్టులోనే చేసి, ట్రాకింగ్ ప్రింటవుట్ దాచుకోండి.

పాత కాపు:
ఒక్క సంగతి నేను కంపెనీ తరఫున మాట్లాడతాను, తిట్టుకోకండి. 30తో భాగించడం ఎక్కువసార్లు మోసం కాదు, పాత ఎక్సెల్ షీట్. నేను చేరిన ఒక చోట అదే ఫార్ములాతో ఏళ్లకొద్దీ చెల్లిస్తూ వచ్చారు, ఎవరూ అడగలేదు. అందుకే మెయిల్‌లో "మోసం", "దగా" అనకండి. "లెక్కలో సవరణ కోరుతున్నాను" అనండి. అడిగింది సవరణే అయితే ఫైనాన్స్ వాడు తనంతట తనే సంతకం పెట్టగలడు, ఆరోపణ అనేసరికి పైకి పంపుతాడు.

యూఏఎన్ బాధితుడు:
అంత మర్యాద అవసరమా సార్, ఆయన డబ్బు ఆయనకి ఇవ్వడానికి.

పాత కాపు:
మర్యాద కోసం కాదు నాయనా, తొందరగా రావడానికి.

నీలిమేఘం:
నాది కూడా అప్‌డేట్. సర్టిఫికెట్లు ఇమ్మని నంబర్లతో మెయిల్ పెట్టాను, వెంటనే ఫోన్ చేసి "మాట్లాడుకుందాం రండి" అన్నారు. ఫోన్‌లో మాట్లాడను, మెయిల్ చెయ్యండి అన్నాను. అలా అనడానికి నాకు చేతులు వణికాయి. నాలుగు రోజులు మౌనం, తర్వాత సర్టిఫికెట్లు కొరియర్‌లో వచ్చేశాయి. బాండ్ గురించి "మా హక్కులు మాకున్నాయి" అని ఒక లైను. ఉండనివ్వండి. నాన్నగారు కవర్ విప్పి ఒక్కొక్క మార్కుల లిస్టూ రెండు వైపులా తిప్పి చూశారు.

ఒంటరి కోడర్:
చాలా సంతోషం మేడమ్.

నాది దాదాపు చివరి అప్‌డేట్. ఆఫర్ లెటర్ తీశాను, నోటీసు కోత "బేసిక్ వేతనం మీద" అని ఉంది, ఆరున్నరేళ్ల కిందట చదవకుండా సంతకం పెట్టిన కాగితం. పాత కాపు గారి భాషలో "సవరణ కోరుతూ" మెయిల్ రాశాను. ఫైనాన్స్ నుంచి తొమ్మిది రోజులకి కొత్త షీట్ వచ్చింది. నోటీసు 42,000 చేశారు, జీఎస్టీ తీసేశారు, గ్రాట్యుటీ 1,69,615 వేశారు. వడ్డీ గురించి మాత్రం మాట లేదు, అది మళ్లీ అడుగుతాను, వదలను. జీతం, గ్రాట్యుటీ నిన్న అకౌంట్‌లో పడ్డాయి.

రిలీవింగ్ లెటర్ ఇంకా రాలేదు, ఎందుకంటే యాక్సెస్ కార్డు గడి ఇంకా ఖాళీ. పోగొట్టినందుకు 500 కోసుకుని మూసెయ్యండి అని రాద్దామని కూర్చుని, ఎందుకో అనుమానం వచ్చి పాత ఆఫీసు బ్యాగు దులిపాను. లోపలి జిప్ జేబులో ఉంది, తాడుతో సహా. ఇంత గొడవ చేసి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పంపాలో అర్థం కావట్లేదు.

పాత కాపు:
ఏ మొహమూ పెట్టక్కర్లేదు. కవర్‌లో పెట్టి అడ్మిన్ పేరున పంపండి. రసీదు ఫొటో తీసి మెయిల్‌కి జత చెయ్యండి.

మూడో షిఫ్ట్:
కార్డు ఫొటో కూడా తీసి పెట్టుకో బ్రో, ఈసారి తాడు పెండింగ్ అంటారు.